రెండు గేదెలున్నవాడికి న్యూజిలాండ్ లేదు

ఆట పుట్టక ముందే సెలక్షన్ కమిటీ పుట్టింది. చరిత్రకారులు ఒప్పుకోకపోవచ్చు గానీ, బెజవాడ మే నెల ఎండలో షామియానా కింద కుర్చీ వేయించుకుని, గోలీసోడా తాగుతూ, తనకు రాని ఆటలో ఇతరుల లోపాలు ఎంచిన ప్రతి పెద్దమనిషికీ ఈ సంగతి తెలుసు. బంతి ఆ తరవాత వచ్చింది. బ్యాటు ఆ పైన వచ్చింది. ఆడేవాళ్ళు అందరికన్నా ఆఖర్న వచ్చి, కమిటీ వారికి నమస్కారం పెట్టి, ఓ పక్కన ఎండలో నిలబడ్డారు.

నేను చెప్పబోయేది అలాంటి ఒక కమిటీ సంగతి. దానికి నేను ప్రచార కార్యదర్శిని కనక ఇందులో అబద్ధం ఒక్కటీ ఉండదు (ప్రచారం వేరు, అబద్ధం వేరు అని మా కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది కూడా).

1999 వేసవిలో జాతీయ నవతరం క్రికెట్ మండలి వారు న్యూజిలాండుకు ఒక జట్టును పంపాలని నిశ్చయించారు. నవతరం జట్టంటే అసలు జట్టు కాదు. అసలు జట్టుకు ఎప్పటికైనా పనికొస్తారేమో అనిపించిన కుర్రవాళ్ళను పరదేశం తీసుకెళ్ళి, అక్కడి చలిగాలిలో నాలుగు ఆటలు ఆడించి, కాస్త రాటుదేల్చి తీసుకొచ్చే జట్టు. ఈ కుర్రవాళ్ళను ఏరే భారం దేశంలో ఏ ఊరికి అప్పగించాలా అని మండలివారు చాలాకాలం తర్జనభర్జన పడి, చివరికి రైల్వే టైంటేబుల్ ముందేసుకుని విజయవాడను ఖాయం చేశారు. ఈ దేశంలో ఏ రైలెక్కినవాడైనా ఎప్పుడో ఒకప్పుడు బెజవాడలో దిగక తప్పదనీ, దిగినవాడు రెండో రైలు వచ్చేదాకా ఖాళీగానే ఉంటాడు గనక ఆ కాస్త టైములో బౌలింగు వేయించి చూడవచ్చనీ వారి ఆలోచన. ఇంత ముందుచూపు ఉన్న సంస్థను నేను మళ్ళీ చూడలేదు.

కమిటీకి అధ్యక్షులు కృపానందం గారు. రిటైరైన బ్లాక్ డెవలప్‌మెంట్ ఆఫీసరు. సర్వీసంతా కృష్ణా డెల్టాలో ఊరూరా తిరిగి గేదెలు, కుట్టుమిషన్లు, ఇస్త్రీపెట్టెలు, పొగరాని పొయ్యిలు పంచిపెట్టిన మనిషి. ఆయన నిప్పు. ఆయన చేతి మీదుగా పోయిన గేదెల్లో ఒక్కటి కూడా దారితప్పి పెద్దవాళ్ళ దొడ్లోకి పోలేదని కూచిపూడి నించి కైకలూరు దాకా ఇప్పటికీ చెప్పుకుంటారు. క్రికెట్ గురించి ఆయనకు ఏమీ తెలియదు. "తెలియదు గనకనే నన్నెవరూ పక్షపాతి అనలేరు" అని తొలి సమావేశంలోనే సెలవిచ్చారు. మేం చప్పట్లు కొట్టాం.

సాంకేతిక సభ్యులు దుర్గాప్రసాద్ గారికి బెంజ్ సర్కిల్ దగ్గర లారీ టైర్ల కొట్టుంది. కాలేజీలో మూడేళ్ళూ ఆయన జట్టుకు పన్నెండో మనిషి, అంటే ఆడేవాళ్ళకు మంచినీళ్ళు అందించే పదవి. ఇక అబ్దుల్ రవూఫ్ మాస్టారు. డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరై, అంపైరుగా నిలబడి నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్నారు. కమిటీలో క్రికెట్ తెలిసిన మనిషి ఆయనొక్కరే కావడంతో ఆయనకు ఓటు హక్కు లేదు.

మండలి పంపిన సర్క్యులర్లో ఒక వాక్యం ఉంది. "ఇంకా ఎదగవలసిన కుర్రవాళ్ళకు, ఇంతవరకు అవకాశం దక్కని వారికి ప్రాధాన్యం ఇవ్వవలెను." అది చదవగానే కృపానందం గారి ముఖం విప్పారింది. ఆయన సర్వీసంతా ఇలాంటి వాక్యాలతోనే కాపరం చేశారు మరి.

"ఇందులో ఆలోచించడానికేముందండీ? ఇది లబ్ధిదారుల ఎంపిక" అన్నారాయన. "దరఖాస్తులు తీసుకుందాం, గ్రామసభ పెడదాం, లేనివాడికి ఇద్దాం."

"ఏం లేనివాడికండీ?" అన్నారు రవూఫ్ మాస్టారు.

"ఆట."

మాస్టారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "అదేంటి సార్, బాగా ఆడేవాణ్ణి కదా పంపాల్సింది?"

"మాస్టారూ, ఒకటడుగుతా, ఏమనుకోకండి. ఇంట్లో రెండు గేదెలున్నవాడికి మూడో గేదె ఇస్తామా?"

"ఇవ్వమండీ."

"ఇస్తే ఆడిట్ ఊరుకుంటుందా?"

"ఎందుకూరుకుంటుందండీ?"

"మరి బౌలింగ్ ఉన్నవాడికి న్యూజిలాండ్ ఎలా ఇస్తాం?"

నేను బుద్ధెరిగాక ఇంత తప్పు మాట వినలేదు. ఇంత న్యాయంగా వినిపించిన మాట కూడా వినలేదు. దుర్గాప్రసాద్ గారు "అదీ పాయింటేనండోయ్" అని, రీట్రెడింగ్ టైర్ల గురించి ఎవరికో ఫోన్ చేయడానికి లేచి వెళ్ళిపోయారు. కోరం సరిపోయింది గనక తీర్మానం నెగ్గింది.

ఆ వారంలోనే నిబంధనలు వెలువడ్డాయి. అభ్యర్థికి ఇరవై ఒక్క ఏళ్ళు దాటరాదు. అభ్యర్థికి ఆట రాదని, లేదా తగినంత రాదని, ఊళ్ళో బాధ్యత గల ఉద్యోగి ఎవరైనా సంతకం చేసి ధ్రువపత్రం ఇవ్వాలి. గతంలో శతకం చేసినవారు, ఒకే ఆటలో అయిదు వికెట్లు తీసినవారు ఇప్పటికే లబ్ధి పొందినవారుగా పరిగణింపబడుదురు. తప్పుడు సమాచారం ఇచ్చి, రాదని చెప్పి తీరా మైదానంలో బాగా ఆడినవారిపై చర్య తీసుకొనబడును.

ఇంకేం! దేశం నలుమూలల నించీ కుర్రవాళ్ళు రైళ్ళు దిగడం మొదలెట్టారు. అందరూ తలో అయిదారేళ్ళు తెల్లవారుజామున లేచి ఆట నేర్చుకున్నవాళ్ళే, పాపం. ఇప్పుడు దాన్ని దాచుకోవలసి వచ్చింది. బొంబాయి నించి వచ్చిన ఒక కుర్రాడు పుట్టుకతో కుడిచేతివాటం, బెజవాడ ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే ఎడమచేతివాటం అయిపోయాడు. బెంజ్ సర్కిల్ జెరాక్సు కొట్ల పక్కన "పదిహేను రోజులలో ఆట మరపించబడును, ఫలితం గ్యారంటీ" అని ఒకాయన బోర్డు కట్టాడు. ఆయన అంతకు ముందు దాకా అదే గదిలో క్రికెట్ కోచింగ్ చెప్పిన మనిషి (పాతదానికన్నా కొత్తదానికే ఎక్కువమంది చేరారని ఆయనే నాతో అన్నాడు).

సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్దింట్లమ్మ నన్ను పట్టుకుంది.

పెద్దింట్లమ్మది కైకలూరు దిగువన కొల్లేరు లంక. పొద్దున్నే ప్యాసింజరెక్కి, బొమ్మిడాయిలూ కొరమీనులూ గంపలో పెట్టుకుని మా గవర్నర్‌పేట సందుకి వస్తుంది. చేపల బేరంలో మా ఆవిడకూ ఆమెకూ రోజూ యుద్ధమే గానీ, ఒకరు రాకపోతే రెండోవారికి తోచదు. ఆమె కొడుకు కోటి. పంతొమ్మిది నిండి ఇరవైలో పడ్డాడు.

"బాబుగారూ, తవరేదో కవిటీలో ఉన్నారంట గందా. మావోడు బాలేత్తే ఎదర కర్ర ఇరిగిపోద్దండి. ఓపాలి సూడండి" అని ప్రాణం తీసింది.

ఇలాంటి తల్లుల్ని నేను చాలామందిని చూశాను. అయినా పోరు పడలేక ఓ ఆదివారం లంకకు వెళ్ళాను. వేసవిలో నీళ్ళు వెనక్కి తగ్గాక అక్కడ మట్టి నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల మీదే వాళ్ళ క్రికెట్. బంతి నెర్రెలో పడితే ఎటు పోతుందో అమ్మవారికే ఎరుక. అందుకని కోటి చిన్నప్పట్నించీ నెర్రె లేని బెత్తెడు జాగా చూసుకుని అక్కడే వేయడం నేర్చుకున్నాడు. వాడు పరిగెత్తుకుంటూ వచ్చి వేసిన మొదటి బంతి నాకు కనబడలేదు. కర్ర ఎగిరి పడ్డం కనబడింది. రెండో బంతీ అంతే. నేను అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషిని కాను, కావాలంటే మా ఆవిణ్ణి అడగండి. కానీ ఆ పూట నా ఒళ్ళు గగుర్పొడిచింది. ఇలాంటివాడు మన కొల్లేట్లో పుట్టాడా అని గర్వంతో కళ్ళు చెమ్మగిల్లాయి.

"న్యూజిలాండ్ వెళ్ళి ఏం చేస్తావురా?" అన్నాను.

వాడు సిగ్గుపడ్డాడు. "ఆటొచ్చినోడికి బాలెయ్యాలనుందండి. ఇక్కడ మావోళ్ళంతా నేను పరిగెత్తగానే కళ్ళు మూసేసుకుంటారు. ఆళ్ళు కళ్ళు తెరుచుకునే ఆడతారంట గదండీ?"

అవును నాయనా అన్నాను. ఆ మాటతో వాణ్ణి ఎలాగైనా విమానం ఎక్కించాలని నిశ్చయించుకున్నాను. కోటికి ఉన్న అడ్డంకి ఒక్కటే. వాడికి ఆట వచ్చు.

ముందు ధ్రువపత్రం కావాలి. లంకలో ఎవరూ సంతకం పెట్టలేదు. "మా కోటికి ఆట రాదని రాసిత్తే రేపు ఊళ్ళో తలెత్తుకు తిరగ్గలమా?" అని పోస్టుమాస్టరుతో సహా అందరూ తిరగబడ్డారు. చివరికి బళ్ళో పంతులమ్మ శౌరమ్మ గారు, క్రికెట్ అంటే ఏమిటో తాను ఎన్నడూ చూడలేదు గనక తనకు తెలిసినంత వరకు కోటికి రాదని సంతకం పెట్టింది. ఆ మహాతల్లి చల్లగా ఉండాలి.

ఆ తరవాత చెడగొట్టే సాధన. మా సందు చివర గోడ మీద బొగ్గుతో మూడు గీతలు గీశాను. "ఆ గీతలకి తగలకుండా వెయ్యి" అన్నాను. వాడు వేశాడు. మధ్య గీత చెరిగిపోయింది. "దూరంగా వెయ్యరా!" అన్నాను. దూరంగా వేశాడు. బంతి దూరంగా పడి, లోపలికి తిరిగి, ఈసారి చివరి గీత చెరిపింది. అలాంటి బంతి వేయడానికి కొందరు జన్మంతా తపస్సు చేస్తారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సెయ్యి ఇనట్లేదండి" అన్నాడు వాడు, తప్పు చేసినవాడిలా.

గంప పక్కన కూర్చున్న పెద్దింట్లమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓరి నీ దుంపతెగ! అంతంత సదువుకున్నోళ్ళు సక్కగా వైడులేత్తన్నారంట. నీకేం మాయరోగంరా? ఒక్కటంటే ఒక్కటి పాడుగా ఎయ్యలేవా?"

"ఏత్తానే అమ్మా" అన్నాడు కోటి, ఏడుపు గొంతుతో.

ఎంపిక రోజు రానే వచ్చింది. ఊళ్ళో మైదానాలన్నీ ఎగ్జిబిషన్లకీ బహిరంగసభలకీ పోయాయి గనక, గన్నవరం దాటాక ఒకాయన పొలం తీసుకున్నాం. మినుము పీకేసి, కాలవలకు ఇంకా నీళ్ళు వదలని సంధికాలం. కొబ్బరిపీచు చాప పరిచి, మేకులు కొట్టించి, పిచ్ తయారు చేశాం. కృపానందం గారు మైకులో మాట్లాడుతూ, ఎవరికీ అన్యాయం జరగదనీ, ఎంత చేతకానివాడికైనా ఈ కమిటీ తలుపులు తెరిచే ఉంటాయనీ హామీ ఇచ్చారు.

ఆట మొదలైంది. దాన్ని ఆట అనవచ్చునో లేదో నాకిప్పటికీ సందేహమే.

బ్యాట్స్‌మన్‌కు అవుట్ కావాలని ఉంది. బౌలరుకు వికెట్ తీయకూడదని ఉంది. ఫీల్డరుకు క్యాచ్ పట్టకూడదని ఉంది. అందరి భవిష్యత్తూ ఎదటివాడు బాగా ఆడటం మీదే ఆధారపడి ఉంది, ఆ ఎదటివాడు చచ్చినా ఆడడు. ఢిల్లీ కుర్రాడు బంతిని నిలువునా గాల్లోకి లేపాడు. కింద నలుగురు ఫీల్డర్లు చేరి, పైకి చూస్తూ, అది మధ్యలో పడేదాకా భక్తిగా నిలబడ్డారు. పడ్డాక ఒకడు దాన్ని కాలితో కాస్త అవతలికి నెట్టాడు. రెండు పరుగులు తీయమని అంపైరు స్థానంలో ఉన్న రవూఫ్ మాస్టారే బతిమాలారు. వాళ్ళు తీయలేదు. బౌలర్లు వేసిన వైడులు గట్టు దాటి పక్క చేలో పడుతున్నాయి. వాటికి పరుగులిచ్చి ఇచ్చి మాస్టారి చేతులు చాచినవి చాచినట్టే ఉండిపోయాయి. మధ్యాహ్నానికి స్కోరంతా వైడులదే, వికెట్ ఒక్కటీ లేదు. బ్యాట్స్‌మన్లు ఎండకు సొమ్మసిల్లుతున్నారు గానీ అవుట్ కావడం లేదు.

అప్పుడు కోటి చేతికి బంతి వచ్చింది. నేను షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డాను. వాడు నా వంక చూశాడు. "దూరంగా" అని సైగ చేశాను. వాడు తలూపి, పరిగెత్తాడు.

మధ్య స్టంపు మూడు పల్టీలు కొట్టింది.

దుర్గాప్రసాద్ గారు కుర్చీలోంచి లేచి "ట్రయల్ బాల్! ట్రయల్ బాల్!" అని అరిచారు. మొదటి బంతికి అవుటైతే లెక్కలోకి రాదన్నది మా వైపు సందుల్లోనూ పొలాల్లోనూ అనాదిగా ఉన్న మర్యాద, పరాయి ఊరి పిల్లవాణ్ణి మొదటి బంతికే పంపేస్తే ఏం బావుంటుంది? కానీ ఢిల్లీ కుర్రాడు భగ్గుమన్నాడు. అంపైరు దగ్గరికి పరిగెత్తుకెళ్ళి, తాను అవుటేననీ, శుభ్రంగా అవుటయ్యాననీ, తనకు న్యాయం చేయమనీ హిందీలో వాదనకు దిగాడు. నలభై ఏళ్ళ అంపైరింగులో అవుటిచ్చినందుకు తిట్టినవాళ్ళే తప్ప, ఇవ్వనందుకు కాళ్ళు పట్టుకున్నవాణ్ణి చూడలేదని మాస్టారు తరవాత నాతో అన్నారు. కాదనలేక వేలెత్తారు.

ఆ వేలు చూడగానే మైదానమంతా ఒక్కసారి కదిలింది. దొరికాడ్రా బాబూ అన్నట్టు బ్యాట్స్‌మన్లందరూ కోటి ఓవరు కోసం క్యూ కట్టారు. నేను ముందంటే నేను ముందని తోసుకున్నారు. ఒకడికి కోటి నిజంగానే వైడు వేయబోయాడు, కాళ్ళ పక్కగా పోయే బంతి. ఆ కుర్రాడు తానే అటు గెంతి, బంతిని ప్యాడుతో వికెట్ల మీదికి తోసుకుని, రెండు చేతులూ జోడించాడు. కోటి నెమ్మదిగా వేశాడు, పడిపోయారు. కళ్ళు మూసుకుని వేశాడు, పడిపోయారు. అవుటైన ప్రతివాడూ వెళ్తూ వెళ్తూ వాణ్ణి కావలించుకుని పోయాడు. వాడు మాత్రం మొహం వేలాడేసుకుని, ఒక్కడైనా ఒక్క బంతి కొట్టకపోతాడా అని ప్రతివాడి బ్యాటు వంకా ఆశగా చూశాడు. ఎవడూ కొట్టలేదు.

సాయంత్రం కృపానందం గారు ఎంపికైన పదిహేనుమంది పేర్లు చదివారు. బ్యాట్స్‌మన్లంతా కోటి చేతిలో అవుటైనవాళ్ళు. బౌలర్లంతా గట్టు అవతల బంతులేసినవాళ్ళు. కోటి పేరు ఆఖర్న, విడిగా చదివారు. స్వయంసమృద్ధి సాధించినందున అనర్హుడు. ధ్రువపత్రానికీ ప్రదర్శనకూ పొంతన లేకపోయినా, పేదవాడనీ తొలి తప్పనీ చర్య తీసుకోకుండా వదిలేశారు.

పెద్దింట్లమ్మ అధ్యక్షుల వారి కాళ్ళకు అడ్డంపడింది. "బాబ్బాబు, ఆడు కావాలని సెయ్యలేదండి! పొరపాటున పడ్డాయండి ఆ కర్రలు! ఈ ఒక్కపాలికి మాపు సెయ్యండి!"

కృపానందం గారు మంచి మనిషి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. ఆమెను లేవదీసి, కోటి భుజం మీద చెయ్యి వేశారు.

"బాధపడకు బాబూ. నువ్వంటే నాకేం కోపం లేదు. నీకు వయసుంది, వచ్చే ఏడాది ఇంకో అవకాశముంది. మళ్ళీ దరఖాస్తు పెట్టుకో" అన్నారు. నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి, "ఈలోగా ప్రాక్టీసు మాత్రం చెయ్యకు" అన్నారు.

"సార్, ఇది అన్యాయం సార్" అన్నారు రవూఫ్ మాస్టారు. ఆయనకు ఓటు లేదు గనక ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కలేదు. నాకు ఓటుంది. నేను కూడా ఏదో అందామనుకున్నాను గానీ, అప్పటికే వందన సమర్పణ మొదలైంది.

జట్టు న్యూజిలాండ్ వెళ్ళింది. ఆడిన ఆటలన్నీ ఓడింది. ఒకటి మాత్రం వాన వల్ల డ్రా అయితే, దానికి బాధ్యులెవరో తేల్చమని మండలివారు సంజాయిషీ అడిగారు. ఒక కుర్రాడు అక్కడి చలికి ఒళ్ళు మరిచిపోయి అర్ధశతకం చేసేశాడు. ఇంటికి తిరిగి వచ్చేలోగా వాడి పేరు జట్టులోంచి కొట్టేశారు. మిగతా పద్నాలుగుమందిలో ఎదగవలసినది ఇంకా ఎంతో మిగిలే ఉందనీ, ఆ విధంగా పర్యటన లక్ష్యం నెరవేరిందనీ, మరుసటి ఏడాది వాళ్ళనే కెన్యా పంపాలనీ నివేదిక వచ్చింది. దాన్ని అందమైన తెలుగులోకి అనువదించి పత్రికలకు ఇచ్చినవాణ్ణి నేనే. ఒక ఖాళీ ఉంది గనక, ఆ ఒక్కదానికి మళ్ళీ ఎంపిక.

ఆ ఏడాదంతా కోటి బంతి ముట్టలేదు. పెద్దమనిషి చెప్పాడు కదా! బంతిని పెద్దింట్లమ్మ బియ్యం డబ్బాలో దాచేసింది. "పాపం, అడగను కూడా అడగట్లేదండి. బుద్ధిగా ఉంటన్నాడు" అని మా ఆవిడతో మురుస్తూ చెప్పుకుంది. వాడు చేపల చెరువుల దగ్గర ఐసు దిమ్మలు పగలగొట్టి, ట్రేలు లారీలకెక్కించే పనిలో చేరాడు. బరువులు మోసి మోసి కుడి భుజం ఓ పక్కకి వాలింది. ఓసారి కైకలూరు స్టేషన్లో కనబడ్డాడు. "ఎలా ఉన్నావురా?" అంటే "బావున్నానండి, ఏమీ చెయ్యట్లేదండి" అన్నాడు. భేష్ అన్నాను.

మళ్ళీ మే వచ్చింది. అదే పొలం, అదే కొబ్బరిపీచు చాప. ఈసారి చాలామంది వచ్చారు, ఒకణ్ణి మించి ఒకడు అధ్వాన్నం. ఎవడు ఎక్కువ అర్హుడో తేల్చలేక దుర్గాప్రసాద్ గారు తల పట్టుకున్నారు. కోటి వంతు వచ్చింది. నేను ఏ సైగా చేయలేదు. వాడు నా వంక చూడనూ లేదు. ప్యాంటు పైకి లాక్కుని, వెనక్కి బాగా దూరం నడిచి, తిరిగి, పరిగెత్తాడు.

బంతి చాప దాకా రాలేదు. రెండోది వికెట్ కీపరు తల మీదుగా పోయింది. మూడోది చేతిలోంచి జారి, రవూఫ్ మాస్టారి టోపీకి తగిలింది. నాలుగోది కాస్త తిన్నగా పడేసరికి, ఆ రోజు అవుట్ కావాలని వచ్చిన కుర్రాడు కూడా ఆశ ఆపుకోలేక గట్టు అవతలికి కొట్టేశాడు. కోటి ఆ బంతి వెళ్ళిన వైపే చూస్తూ నిలబడిపోయాడు. మాస్టారు టోపీ దులుపుకుంటూ, తల పక్కకి తిప్పేసుకున్నారు.

షామియానా కింద చప్పట్లు మోగాయి. కృపానందం గారు లేచి నిలబడి మరీ కొట్టారు. "చూశారా! నేను చెప్పలేదూ? పిల్లవాడు ఏడాదిలో ఎంత మారాడో! వీడికి కాకపోతే ఇంకెవరికి ఇస్తామండీ?" అన్నారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కోటిని అక్కడికక్కడే ఎంపిక చేసి, మెడలో దండ వేశారు.

పెద్దింట్లమ్మ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. కనబడినవాళ్ళందరి చేతిలో పటికబెల్లం పెడుతోంది. "మావోడు గెలిసేడండి! మావోడు కెన్యా యెల్తన్నాడండి!" అని మైదానమంతా తిరిగింది. నాకూ పెట్టింది. తిన్నాను.

కోటి దండ తీసి చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. వాడి మొహం చూసి, పాస్‌పోర్టు సంగతులేమన్నా అడుగుతాడేమో అనుకున్నాను.

"బాబుగారూ, ఈపాలి నేను బాగా ఏద్దామనే వచ్చానండి" అన్నాడు.

నేను అటూ ఇటూ చూశాను. అధ్యక్షుల వారు కాస్త దూరంలోనే ఉన్నారు.

"ఆ మాట కమిటీ వాళ్ళ చెవిన పడనివ్వకు నాయనా" అన్నాను, గొంతు తగ్గించి. "వచ్చిన అవకాశం కాస్తా పోతుంది."